ఉల్లి మండిన శరత్తు, రైతు కూర్చున్న బజారు

1998లో దసరాకూ దీపావళికీ మధ్య ఉల్లిపాయ కిలో 40 రూపాయలు దాటింది. కొన్ని నగరాల్లో 60 దాకా పాకింది. నవంబరు ఎన్నికల్లో ఢిల్లీ, రాజస్థాన్ ప్రభుత్వాలు మారిపోయాయి. ఓటమికి కారణాలు పది చెప్పుకోవచ్చు గానీ, ఉల్లిపాయను తలవకుండా ఆ ఏడాది ఎవరి విశ్లేషణా ముగియలేదు. ఆ వేడి చల్లారకముందే, 1999 జనవరి 26న, నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లకు శ్రీకారం చుట్టారు. పండించినవాడే తెచ్చి, తానే తూచి, తానే అమ్ముకునే అంగడి అది. ఆ శరత్తుకూ ఈ జనవరికీ సంబంధం లేదంటే నేను నమ్మను.

మన సంతల ముచ్చట చెప్పేవాళ్లు సాధారణంగా సంక్రాంతి దగ్గర మొదలుపెడతారు. గాదెలు నిండి, తోటలు విరగకాసి, చిక్కుడూ వంకాయా కుప్పలు పడి ఉన్నప్పుడు ఏ అంగడి అయినా కళకళలాడుతుంది. అందులో దాని గొప్ప ఏముంది? కూర తక్కువై, కొనేవాళ్లు ఎక్కువైన నెలల్లో అంగడి ఎలా నడిచిందో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. తెలుగు నేల మీద ఆ నెలలు భాద్రపదం చివరి నుంచి కార్తీకం దాకా.

ఎందుకో రైతు నడిగితే ఒక్క మాటలో చెప్తాడు. తొలకరికి పెట్టిన బీర, సొర, కాకర పాదులు అప్పటికి ముదిరిపోతుంటాయి. చలికాలపు వంగ, టమాటా, క్యాబేజీ ఇంకా మొక్కల మీదే ఉంటాయి. చిక్కుడు పూతకొస్తుంటుంది. వేసవిలో తవ్వి నిలవ పెట్టిన ఉల్లి కుళ్లుతూ, మొలకెత్తుతూ సన్నగిల్లుతుంది. సరిగ్గా ఆ సందులోనే బంగాళాఖాతం వాయుగుండాలను పంపుతుంది. రెండు రోజుల ముసురు చాలు, ఆకుకూర మడిలోనే మురిగిపోవడానికి. ఇవతల ఇళ్లలో చూస్తే పెత్తర అమాస, బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, నాగుల చవితి, కార్తీక సోమవారాలు వరుసగా వచ్చిపడతాయి. మాంసం మానేసి కూర మీద పడే ఇళ్లు లక్షలు. పంటల పంచాంగమూ పండగల పంచాంగమూ ఇంత ఎడమొహం పెడమొహంగా ఉండే కాలం మరొకటి లేదు.

ఈ చిక్కు కొత్తదేం కాదు. విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవాలను కళ్లారా చూసి రాశాడు. తొమ్మిది రోజులు సామంతులు, సైన్యాలు, ఏనుగులు, నాట్యకత్తెలు, మల్లులు రాజధానిలో దిగితే అందరికీ తిండి ఎక్కడిదన్న ప్రశ్న చదివేవాళ్లకు తట్టక మానదు. జవాబూ ఆయన రాతల్లోనే ఉంది. ఒక వీధిలో ప్రతి సాయంత్రం సంత కూడేదట. నిమ్మ, దబ్బ, నారింజ, ద్రాక్ష, తోటల్లో కాసే కాయలూ కూరలూ, వంటచెరకూ అక్కడికి వచ్చేవి. రోజుకో పేటలో అంగడి తిరుగుతూ ఉండేది. రాజదర్బారును వర్ణించినంత శ్రద్ధగానే కూరల బేరాన్నీ పట్టించుకున్న ఆ పరదేశికి మనం రుణపడి ఉన్నాం. మన కవులు అంగడి వీధుల్లో నడిచినప్పుడు సాధారణంగా పూలమ్మే పిల్లల దగ్గరే ఆగిపోయారు. క్రీడాభిరామంలో మంచన శర్మా టిట్టిభ సెట్టీ ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెట్టారు గానీ వంకాయ ధర ఎంతో మనకు చెప్పలేదు.

ధర చెప్పలేదు గానీ, సుంకం మాత్రం రాతి మీద మిగిలింది. కాకతీయుల నాటి ఓరుగల్లు శాసనాల్లో అంగడికొచ్చే సరుకుల మీద పన్నుల పట్టీ కనిపిస్తుంది. ధాన్యం, నువ్వులు, కొబ్బరికాయలతో పాటు కూరగాయలకూ అందులో చోటుంది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి కూరగాయల వ్యాపారం గురించి మనకు తెలిసిందల్లా దాని మీద ఎవరికెంత ముట్టజెప్పాలన్నదే. తర్వాతి చరిత్రా ఆ దారినే నడిచింది.

వారపు సంతలు ఊళ్ల పేర్లలోనే కరిగి ఉన్నాయి. ఏలూరులో శనివారపుపేట, రాజమహేంద్రవరంలో మంగళవారపుపేట, కర్నూలులో బుధవారపేట, హైదరాబాదులో జుమ్మేరాత్ బజార్. చుట్టుపక్కల పది ఊళ్లు వారంలో తలా ఒక రోజు పంచుకునేవి. గంపలవాళ్లూ, గాజులవాళ్లూ, ఎండుచేపలవాళ్లూ ఆ చక్రం వెంటే తిరిగేవాళ్లు. సంతంటే సరుకు మాత్రమేనా? పిల్లకు సంబంధం వెతికేదీ, పొరుగూరి చావు కబురు వినేదీ, కొడవలికి పదును పెట్టించేదీ, అప్పిచ్చినవాడికి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగేదీ అక్కడే. ఇంట్లో ఉప్పు నిండుకుంటే సంత రోజు దాకా చప్పిడి తిన్న ఊళ్లు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి.

బ్రిటిషు కాలంలో లోకల్ బోర్డులు వచ్చాక సంత వాటికొక రాబడి అయింది. గంపకింత, బండికింత, మేకకింత అని వసూలు చేసే హక్కును ఏటా వేలం వేసేవారు. కోస్తాలో దాన్ని ఆశీలన్నారు, తెలంగాణలో తైబజారన్నారు. ఇప్పటికీ చాలా పంచాయతీలకు సంత వేలమే పెద్ద ఆదాయం. పాట పాడుకున్నవాడు లక్షలు కడతాడు. ఆ లక్షలు మళ్లీ గంపల మీద నుంచే రావాలి. గోంగూర కట్టలు పాతిక తెచ్చుకున్న ముసలమ్మకూ, లారీ ఉల్లి దింపినవాడికీ రశీదు ఒకేలా చిరుగుతుంది. సంత సొగసు గురించి ఎంత తీయగా రాసుకున్నా ఈ రశీదు పుస్తకాన్ని మరిచిపోతే లెక్క తప్పుతుంది.

మన్యం సంతల సంగతి వేరుగా చెప్పుకోవాలి. పాడేరు, అరకు వైపు శరత్తులో వలిసె చేలు పసుపు పచ్చగా పూస్తాయి. వాటి ముందు ఫొటోలు దిగడానికి మైదానాల నుంచి జనం ఎగబడతారు. అదే రోజుల్లో కొండ మీది నుంచి సీతాఫలాల కావిళ్లు సంతకు దిగుతాయి. కావడి దించగానే చుట్టుముట్టే వర్తకుడికి ఒక సంగతి బాగా తెలుసు: పండిన సీతాఫలం రేపటికి ఆగదు, తెచ్చినవాడు దాన్ని మళ్లీ కొండెక్కించలేడు. ఆ తొందరే వర్తకుడి లాభం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది ఈ దోపిడీని కొంతైనా ఆపడానికే. చింతపండు, తేనె, కుంకుడుకాయ లాంటి నిలవుండే అటవీ సరుకులకు సంతల్లోనే ధర కట్టి కొనడం దానితో మొదలైంది. పండుకు మాత్రం ఆ రక్షణ అంతగా దక్కలేదు. త్వరగా చెడిపోయేదాన్ని చట్టాలూ సంస్థలూ ఎప్పుడూ కొంచెం దూరం పెట్టాయి.

మైదానాల్లోనూ అదే కథ. వ్యవసాయం మీద నియమించిన రాయల్ కమిషన్, రైతును మార్కెట్లో జరిగే మోసం నుంచి కాపాడాలని 1928లో గట్టిగా చెప్పింది. దాని వెనకే నిజాం రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చాయి. రెండవదాని పేరులోనే ఉంది దాని చూపు ఎటో. పత్తి, వేరుశనగ, పొగాకు: ఓడలకూ మిల్లులకూ కావలసిన పంటలు. ఇంటి పొయ్యి మీదికి ఎక్కే కూర ఆ చట్టాల కంట పడలేదు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డాక 1966లో రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే మార్కెట్ చట్టం చేశారు. కమిటీలు, యార్డులు, లైసెన్సులు, బహిరంగ వేలం వచ్చాయి. అవి ధాన్యానికీ మిర్చికీ పసుపుకీ ఉపయోగపడినంతగా ఆకుకూరకు ఉపయోగపడలేదన్నది నా అభిప్రాయం.

హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్, సికింద్రాబాదు మోండా మార్కెట్ చూడడానికి ఎంతో అందమైన కట్టడాలు. రైతుకు అక్కడ ఉన్న చోటు మాత్రం బండి ఆపుకునేంతే. ఆ పాత మండీల పద్ధతి ఎరిగినవాళ్లు ఇప్పటికీ చెప్తారు. తెల్లవారుజామున సరుకు దించగానే అది కమీషన్ ఏజెంటు చేతిలోకి పోతుంది. తువాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. పక్కనే నిలబడ్డ రైతుకు తన సరుకు ధర తెలియదు. తర్వాత కోతలు మొదలవుతాయి. తేమ పేరు చెప్పి తరుగు, హమాలీ, దడవాయి, గుడి పేరు మీద ధర్మం, చివరికి చీపురు పట్టేవాడి దోసెడు. వానాకాలం చివర తడిసి వచ్చిన బస్తాకు తరుగు ఇంకా పెరుగుతుంది. ఆ తడి బస్తాయే రెండు వీధులవతల ఎండలో ఆరి, మూడు చేతులు మారి, రెట్టింపు ధరకు అమ్ముడయ్యేది. శరత్తులో ధర పెరిగినా, పెరిగిందంతా దారిలోనే ఆగిపోయేది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఆ కమీషన్ ఏజెంటే విత్తనాలకు అప్పిచ్చేవాడు. బిడ్డ పెళ్లికి అప్పిచ్చేవాడు. పంట పోయిన ఏడు బాకీని మరుసటి ఏడాదికి తోసేవాడు. అతణ్ణి ఒట్టి దుర్మార్గుడిగా చిత్రించిన ఉపన్యాసాలు ఎన్నో విన్నాం. బ్యాంకు గడప తొక్కనివ్వని కౌలు రైతుకు ఆ మండీ గల్లాపెట్టె తప్ప దిక్కులేదన్నది వాటిలో ఉండదు. దళారిని తీసేస్తామన్న ప్రతి పథకమూ అమ్మకం దగ్గర అతణ్ణి తీసేసింది, అప్పు దగ్గర తీసేయలేదు.

రైతును నేరుగా కొనుగోలుదారుడి ముందు కూర్చోబెట్టాలన్న ఆలోచన మొదట పంజాబులో 1987లో అప్నీ మండీ పేరుతో కార్యరూపం దాల్చింది. హర్యానా అందిపుచ్చుకుంది. మనవాళ్లు 1999 జనవరిలో మొదలుపెడితే, అదే ఏడాది నవంబరులో కరుణానిధి మధురైలో ఉళవర్ సందై ప్రారంభించారు. అక్కడ ప్రభుత్వం మారాక 2001 నుంచి ఆ సంతలు కొన్నేళ్లు ఆదరణ లేక కునారిల్లాయి. 2004లో మన దగ్గరా ప్రభుత్వం మారింది గానీ రైతు బజార్లు ఆగలేదు. పెట్టినవాడి పేరు చూసి పథకాన్ని పాతిపెట్టే అలవాటున్న రాజకీయాల్లో ఇది చిన్న విషయం కాదు. ఉదయం ఆరు గంటలకు సంచీ పట్టుకుని వచ్చే గృహిణికి కోపం తెప్పించడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలలేదనుకుంటాను.

మొదటి బజార్ల ఏర్పాటులో ఆలోచన కనిపిస్తుంది. నగరంలో ఎకరం అటూ ఇటుగా ప్రభుత్వ స్థలం చూశారు. చుట్టూ కూరగాయలు పండే ఊళ్లను గుర్తించారు. రెవెన్యూ, ఉద్యాన శాఖల వాళ్లు పొలం చూసి, ఫలానా ఊరి రైతు ఫలానా పంటలు వేశాడని నిర్ధారించి ఫొటో కార్డు ఇచ్చారు. బజారుకొక ఎస్టేట్ ఆఫీసరు. పైన జాయింటు కలెక్టరు. తెల్లారే టోకు ధరలు తెప్పించుకుని, వాటికి సుమారు పాతిక శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధరకు అంతే తక్కువగా ఉండేట్టు ఆ రోజు ధర కట్టి నల్లబల్ల మీద రాసేవారు. కొన్ని మార్గాల్లో ఆర్టీసీ రైతుల కోసం బస్సులు నడిపింది. పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు నుంచి విశాఖ ఎంవీపీ కాలనీకీ, కంకిపాడు వైపు నుంచి విజయవాడ స్వరాజ్య మైదానానికీ, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి మెహిదీపట్నానికీ గంపలు కదిలాయి. కొన్నేళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు వంద దాటాయి.

ప్రభుత్వ కాగితాల్లో రాయని మార్పులు ఇంకా ఆసక్తికరం. మండీకి పోయే రైతు ఎకరమంతా ఒకే పంట వేస్తాడు, ఎందుకంటే అక్కడ కావలసింది బస్తాల లెక్క. బల్ల ముందు కూర్చుని చిల్లరగా అమ్మేవాడికి అది కుదరదు. నాలుగు రకాలు లేని బల్ల దగ్గర ఎవరూ ఆగరు. అందుకని అదే ఎకరాన్ని మడులుగా విడగొట్టి, ఇక్కడ బెండ, అక్కడ గోరుచిక్కుడు, గట్టు మీద పొన్నగంటి, పదిహేను రోజులకొక తోటకూర మడి వేసుకోవడం మొదలైంది. ఒక వాయుగుండానికి ఒక మడి పోయినా మరొకటి నిలబడుతుంది. శరత్తు దెబ్బను కాసుకోవడానికి ఇంతకన్నా మంచి బీమా ఏ కంపెనీ అమ్మలేదు.

రెండవది ఆడవాళ్ల సంగతి. మండీలో బేరం మగవాళ్లది. చిల్లర బల్ల దగ్గర కూర్చున్నది ఎక్కువగా భార్యలూ తల్లులూ. గల్లాలో పడ్డ డబ్బు ముందు వాళ్ల చేతిలోంచి వెళ్లింది. తూచేటప్పుడు మాటా మాటా కలిసింది. విశాఖలో "తీస్కెళ్లమ్మా, మన సేలోదే, మందులు కొట్టలేదు" అంటే, మెహిదీపట్నంలో "పెద్దమ్మా, జెర తక్వ చెయ్యరాదే" అన్న బతిమాలింపు. బల్ల మీద ధర రాసి ఉన్నా సరే బేరం ఆగదు. ధర తగ్గదని ఇద్దరికీ తెలుసు. బేరమంతా కొసరు కోసం. రెండు రెబ్బల కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడితే ఆ పూటకు ఇద్దరి మర్యాదా నిలిచినట్టు. కొత్తిమీర కట్ట 30 రూపాయలు పలికే ఆశ్వయుజపు ముసురులో కూడా ఒక కాడ తెంపి వేసే చెయ్యి ఉంటుంది. ఆ కాడ విలువ తెలిసిన కొనుగోలుదారు మాఘంలో కొత్తిమీరను అడిగేవాడు లేనప్పుడు ఆ బల్ల దగ్గరికే వెళ్తాడు.

శరత్తు బజారును చూడాలంటే పెత్తర అమాస ముందు రోజు హైదరాబాదులో చూడాలి. పితరుల పేరు మీద బియ్యంతో పాటు అన్ని రకాల కూరగాయలూ పెట్టి ఇచ్చే ఆచారం వల్ల ఎవరికీ కిలోలు అక్కర్లేదు. గుమ్మడి ముక్క, రెండు వంకాయలు, నాలుగు చిక్కుళ్లు, ఒక కంద ముక్క కావాలి. ఎర్రగడ్డ బజారులో ఆ రోజు కాటా కన్నా చాకుకు పని ఎక్కువ. మర్నాడు అమాస సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ దాకా కూరగాయల బల్లల పక్కన పూల రాశులు లేస్తాయి: తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు, గుమ్మడి పూలు.

గునుగు కట్టలు కొనడం చూస్తే పాతకాలపు పల్లెటూరివాళ్లకు నవ్వొస్తుంది. జొన్నచేలో కలుపుగా మొలిచే పూవది. చేను గట్టు మీదికి పిల్లలంతా పోయి ఒడి నింపుకుని వచ్చేవాళ్లు, దానికో ధర ఉంటుందని ఎవరూ ఊహించలేదు. జొన్న పోయి పత్తి వచ్చింది. కలుపు మందులు వచ్చాయి. గునుగు వెతికితే తప్ప దొరకని వస్తువైంది. 2014లో తెలంగాణ ఏర్పడి బతుకమ్మ రాష్ట్ర పండగ అయ్యాక నగరంలో పేర్చేవాళ్లు పెరిగారు, గట్లు మాత్రం తరిగాయి. ఇప్పుడు గునుగు కోసం తెల్లవారకముందే దూరపు బీళ్లకు వెళ్లి కోసుకొచ్చి, కట్టలు కట్టి, నగరానికి తెచ్చే కూలీ కుటుంబాలున్నాయి. వాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు, అంటే రైతు కార్డూ రాదు. అందుకే వాళ్లు గేటు బయట ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. ఆ నాలుగు రోజులు లోపలికన్నా గేటు బయటే రద్దీ ఎక్కువ. నియమాల పుస్తకం ప్రకారం ఆక్రమణదారులే గానీ, ఆ వారం ఊరికి పండగ తెచ్చిపెట్టేది వాళ్లే.

పాలమూరు వైపు నుంచి సీతాఫలాలు దిగేదీ ఇదే కాలం. షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ పేరు మీద సీతాఫలంలో ఒక రకమే స్థిరపడి, దేశంలో అనేక చోట్లకు పాకింది. గుట్టల మీద తనంతట తాను కాసే పండుకు ఇంత పేరు రావడం ఆ మెట్ట నేలకు దక్కిన గౌరవం. ఆంధ్ర వైపు బజార్లలో ఆశ్వయుజానికి కంద, పెండలం, చేమదుంపలు రాశి పోస్తారు. ఆయుధ పూజకు బూడిద గుమ్మడికాయలు వస్తాయి. అట్లతద్ది ముందు సాయంత్రం గోంగూర కట్ట ధర పెరుగుతుంది, తెల్లారుజామునే ఆడపిల్లలకు చద్దిలోకి గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు పడాలి కాబట్టి. దీపావళికి గోగు కాడలు. కడియపులంక నుంచి బంతీ చామంతీ లారీలు. కార్తీకంలోకి వచ్చేసరికి ఉసిరి కొమ్మలు కాయలతో సహా వేలాడుతుంటాయి. క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన నాటాలి గదా. నెల ముగిసిన మర్నాడు పోలి పాడ్యమికి దీపాలు వదలడానికి అరటి దొప్పలు కావాలి; కోసి పారేసే బోదెకు ఆ ఒక్క ఉదయం ఖరీదు ఉంటుంది. వన భోజనాల బృందాలు కాగితం మీద కులం పేరు, సంఖ్య, వంటల జాబితా రాసుకుని వచ్చి పది బల్లలు ఊడ్చుకుపోతాయి. కలిసి తినడానికి పుట్టిన పండగ ఎవరికి వారు విడిగా తినే పండగగా ఎలా మారిందో చూడాలంటే ఆ జాబితాల పై వరస చూస్తే చాలు. కూరలమ్మే రైతుకు మాత్రం ఏ కులం వంకాయ అయినా ఒకటే ధర.

కష్టం వచ్చిన శరత్తులూ ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డప్పుడు నగరం చుట్టూ తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, పాలు లేవు. దీపావళి పది రోజుల్లో ఉంది. బయటి జిల్లాల నుంచి కూరగాయలు తెప్పించి రైతు బజార్లలోనే తక్కువ ధరకు అమ్మించారు. తమ చేను పోయి, వేరేవాళ్ల సరుకు తమ బల్ల మీదే అమ్ముడవుతుంటే చూడవలసి వచ్చిన రైతుల గోడు ఆ హడావిడిలో వినబడలేదు. శరత్తు కాకపోయినా, 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ మొదలయ్యాక బజార్లను విడగొట్టి మైదానాల్లో, బడి ఆవరణల్లో, బస్టాండ్లలో పెట్టారు. సున్నం గీసిన వలయాల్లో నిలబడి కూరలు కొన్న జనం, గేట్లు మళ్లీ తెరిచాక ముందుగా చేసిన పని పక్కవాణ్ణి మోచేత్తో నెట్టుకుంటూ బల్లల మీదికి వంగడం.

ఉల్లి మళ్లీ మళ్లీ వచ్చింది. 2019 శరత్తు చివర వానలకు పంట పాడై కిలో 100 రూపాయలు దాటితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో 25 రూపాయలకు అమ్మింది. తెల్లవారకముందే క్యూలు కట్టాయి. 2025 సెప్టెంబరులో కథ తిరగబడింది. కర్నూలు మార్కెట్‌లో కొత్త ఉల్లికి కొనేవాడు లేక ధర పాతాళానికి పోతే, క్వింటా 1,200 రూపాయలకు ప్రభుత్వమే కొని రైతు బజార్లకు పంపవలసి వచ్చింది. ఒకసారి కొనేవాడి కోసం, ఒకసారి అమ్మేవాడి కోసం. రెండుసార్లూ బల్ల మీద ఉన్న ఉల్లి అక్కడ కూర్చున్న రైతుది కాదు. 1999లో రైతు అమ్ముకోవడానికి కట్టిన చోటు, సర్కారు సరుకు దించే డిపోగానూ అలవాటు పడింది. ధరల మంట ఆర్పడానికి అది పనికొచ్చిన మాట నిజమే. పక్క బల్ల మీద తన ఉల్లి పెట్టుకున్న కార్డు రైతు గిట్టుబాటు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

బినామీల ఫిర్యాదు బజారు పుట్టిన కొన్నాళ్లకే మొదలైంది. కార్డు ఒకరిది, బల్ల దగ్గర కూర్చునేది ఇంకొకరు. రాత్రి టోకు మార్కెట్‌లో కొన్న సరుకు తెల్లారేసరికి రైతు సరుకవుతుంది. తనిఖీలు, కార్డుల రద్దు, వేలిముద్రలు అన్నీ వచ్చాయి. చూడడం తెలిసినవాళ్లు మాత్రం వేలిముద్ర అడగరు. బల్ల మీద క్యారెట్, బీన్స్, క్యాప్సికం సమానంగా మెరుస్తూ పేర్చి ఉంటే అది తోట కాదు, లారీ. వంకరపోయిన దోసకాయలు, పురుగు కొరికిన ఒకటి రెండు వంకాయలు, గోనె మీద మట్టి ఉంటే అతను రైతు. పోనీ కూర్చున్నవాళ్లంతా నిజమైన రైతులే అయితే బజారు నడుస్తుందా? శరత్తులో స్థానికంగా పండనివి ఎవరో ఒకరు తేవాలి. ఆ సందు అధికారులకూ తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

స్థలం సంగతి ఇంకా గట్టిది. నగరం నడిబొడ్డున ఎకరం ఖాళీ నేల ఎవరి కంటికైనా పడుతుంది. విజయవాడ స్వరాజ్య మైదానంలో ఇప్పుడు 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఉంది. అక్కడి బజారు అంతకుముందే కదలవలసి వచ్చింది. అయినా బజారు కదిలితే కొనేవాళ్లు రెండు వారాలు తిట్టుకుని కొత్త చోటికి అలవాటు పడతారు. తోట కదిలితే ఏమిటన్నది పెద్ద ప్రశ్న. హైదరాబాదు పక్కనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడడానికి 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను అడ్డుకుంది. నీటి కోసం పెట్టిన ఆ కట్టడే, ఎవరూ అనుకోకుండా, మెహిదీపట్నానికి కూరలు పండించే నేలను పాతికేళ్ల పాటు ప్లాట్లు కాకుండా ఆపిందని నాకనిపిస్తుంది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ కొత్త జీవో వచ్చింది. అంతకు చాలా ముందే ఫామ్‌హౌసుల గోడలు లేచాయి. ఎకరం ధర కోట్లలోకి పోయాక దాంట్లో పాలకూర చల్లేవాడు యజమాని కాడు, కౌలుదారు. కౌలుదారుకు పాసుపుస్తకం ఉండదు, కార్డు కోసం యజమాని సంతకం కావాలి, ఆ యజమాని ఏ అమెరికాలోనో ఉంటాడు. ఆనందపురం వైపు కూడా వెంచర్ల జెండాలు ఇలాగే పాతుకుంటున్నాయి.

అలా కూర పండే నేల మొయినాబాద్ నుంచి చేవెళ్లకు, అక్కడి నుంచి వికారాబాద్, పరిగి వైపుకు జరుగుతోంది. బజారు తెరిచే వేళ మారలేదు. ఒకప్పుడు మూడు గంటలకు లేచి మొదటి బస్సు అందుకున్నవాళ్లు ఇప్పుడు అర్ధరాత్రి దాటగానే గంప సర్దుకోవాలి. కార్తీకపు మంచులో, కూతుర్ని వెంటబెట్టుకుని, అంత దూరం వచ్చి బల్ల దొరుకుతుందో లేదోనని ఎదురుచూడడం కన్నా, సాయంత్రం పొలం గట్టుకే వచ్చి సగం ధరకు మొత్తం ఎత్తుకుపోయే ఆటో ట్రాలీ నయమని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం. ఆ ట్రాలీవాడు ముందు ముందు అప్పు కూడా ఇస్తాడు.